టైటానియం మీద లేజర్ చాళ్లు: ఇంప్లాంట్ ఉపరితలాన్ని సిద్ధం చేయడం ఎలా?

లేజర్ కింది నుంచి ఇప్పుడే తీసి శుభ్రం చేసిన టైటానియం బిళ్ల మీద ఒక్క నీటి చుక్క వదిలి చూడండి. నునుపు టైటానియం మీద చుక్క ఉబ్బెత్తుగా కూర్చుంటుంది. దీని మీద కూర్చోదు. దున్నిన చేలోకి నీళ్లు వదిలితే చాళ్ల వెంట ఎలా పారతాయో, అచ్చం అలాగే లేజర్ గీతల వెంట పొడవుగా సాగిపోతుంది. అదే బిళ్లను రెండు మూడు వారాలు గాలిలో వదిలేసి మళ్లీ చుక్క వేస్తే ఈసారి అంతగా సాగదు, కొన్నిసార్లు ముత్యంలా నిలబడిపోతుంది. చాళ్ల వెడల్పు మారలేదు, లోతూ మారలేదు. మారింది పైన ఉన్న కొన్ని నానోమీటర్ల పొర.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మైక్రోస్కోపులో గీతలు తీరుగా కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఎముకలో అమర్చే ఇంప్లాంట్‌ను ఎముక బాగా పట్టుకోవాలనే ఈ గీతలు గీస్తాం. కానీ ఎముక కణం వచ్చి తాకేది మీరు గీసిన బొమ్మను కాదు, ఆ బొమ్మ మీద మిగిలిన పొరను. ఆ పొర శుభ్రంగా ఉందా, వేడికి పెళుసెక్కిందా, లోపల పగులు దాచుకుందా అన్నదే అసలు పని. అందుకే గీయడం గురించి చెప్పేది కొంత, గీయకముందూ గీసిన తర్వాతా చేయాల్సింది ఎక్కువ ఉంటుంది.

ఇది ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం, చిన్న ఇంప్లాంట్ యూనిట్లలో లేజర్ మెషీన్ దగ్గర నిలబడే ఇంజినీర్ల కోసం రాస్తున్నాను. మీ దగ్గర 20 వాట్ల నానోసెకన్ ఫైబర్ లేజర్, అద్దాలు తిప్పి కిరణాన్ని నడిపే గాల్వో హెడ్డు, 160 మిల్లీమీటర్ల ఫోకస్ దూరమున్న లెన్సు ఉన్నాయనుకుందాం. తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. స్టీలు సామాను మీద పేర్లు కొట్టే దుకాణాల్లో ఇప్పుడు కనిపించే మెషీన్ కూడా ఈ జాతిదే. ఇక్కడ చెప్పేదంతా ప్రయోగశాల బిళ్లల వరకే. ఇలా తయారైనదేదీ నేరుగా రోగి ఒంట్లోకి వెళ్లదు, వెళ్లకూడదు.

ముందు లోహం సంగతి

స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో టైటానియం గొట్టాలు పెట్టి రక్త ప్రసరణను పరిశీలించారు. పని ముగిశాక వాటిని బయటికి తీయబోతే రాలేదు, ఎముక పట్టేసింది. 1965లో మొదటి రోగికి దంత ఇంప్లాంట్ పెట్టారు. లోహం, ఎముక అలా కలిసిపోవడానికి ఆధారం టైటానియం గాలి తగలగానే తనంతట తాను కట్టుకునే ఆక్సైడ్ పొర. దాని మందం కొన్ని నానోమీటర్లే. మనం లేజర్‌తో కరిగించి మళ్లీ కట్టేది ఈ పొరనే.

షీటు కొనేటప్పుడు రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి శుద్ధ టైటానియం, దంత ఇంప్లాంట్లకు ఎక్కువగా గ్రేడ్ 4 వాడతారు. రెండోది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రమం. ఇందులో ఆక్సిజన్ తక్కువగా ఉండే గ్రేడ్ 23 ఇంప్లాంట్లకు తగినది. సరుకుతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ తప్పకుండా అడగండి. శుద్ధ లోహానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5832-2, మిశ్రమానికి ఐఎస్‌ఓ 5832-3 అని రాసి ఉండాలి. స్క్రాప్ మార్కెట్లో కిలో లెక్కన దొరికే ముక్కతో ప్రయోగం మొదలుపెడితే ఆరు నెలల తర్వాత ఫలితాలు ఎందుకు కలవడం లేదో మీకే తెలియదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ సంస్థ మిధానిలోనే టైటానియం మిశ్రమాలు తయారవుతాయి. కేరళలోని చవరలో టైటానియం స్పాంజ్ తీస్తున్న పద్ధతిని రూపొందించింది కూడా మన హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్‌ శాస్త్రవేత్తలే.

మిశ్రమంతో ఒక జాగ్రత్త. దాని ఉష్ణ వాహకత శుద్ధ టైటానియంలో దాదాపు మూడో వంతే, సుమారు 7 వాట్లు మీటరుకు డిగ్రీకి. అంటే లేజర్ పెట్టిన వేడి పక్కకు పాకదు, పెట్టినచోటే నిలుస్తుంది. శుద్ధ లోహం మీద కుదిరిన సెట్టింగును మిశ్రమం మీద అలాగే నడిపితే కాలిపోతుంది.

కళ్లు, ఊపిరి, నిప్పు

ఈ లేజర్ నాలుగో తరగతిది. కిరణం కంటికి కనపడదు, గోడ మీద పడి చెదిరినది కూడా రెటీనాను కాలుస్తుంది. 1064 నానోమీటర్లకు ఆప్టికల్ డెన్సిటీ (కాంతిని అడ్డుకునే కొలత) 6 లేదా అంతకు మించి అని అద్దం మీదే ముద్రించిన కళ్లజోడే పెట్టుకోండి. రంగు చూసి కొనకండి. మెషీన్‌కు మూత, మూత తెరిస్తే ఆగిపోయే ఇంటర్‌లాక్ ఉండాలి. తొందరగా పనవుతుందని ఆ ఇంటర్‌లాక్‌కు అయస్కాంతం అంటించి మోసం చేసే అలవాటు చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

లేచే పొగ టైటానియం ధూళి. ఫిల్టరున్న ఎగ్జాస్ట్ లేకుండా ఒక్క గీత కూడా గీయొద్దు. ఫిల్టరులో పేరుకున్న ఆ సన్నటి పొడి అంటుకుంటే నీళ్లతో ఆరదు సరికదా ఇంకా రాజుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు. లోహాల మంటల కోసం ఉండే డి తరగతి సిలిండరో, పొడి ఇసుక బకెట్టో చేతికందేలా ఉంచండి.

బిళ్ల తయారీ

20 మిల్లీమీటర్ల చదరం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లలు కోయించుకోండి. 320 నంబరు ఎమెరీతో మొదలుపెట్టి 600, 1000, 1200 దాకా నీళ్లు పోస్తూ రుద్దండి. ప్రతి కాగితం మారినప్పుడు బిళ్లను 90 డిగ్రీలు తిప్పండి, పాత గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి కాగితానికి వెళ్లండి. టైటానియం జిగురు స్వభావం ఉన్న లోహం. గట్టిగా నొక్కితే కోసుకుపోదు, అలుక్కుపోతుంది. ఎమెరీ రేణువులు లోపల దిగబడతాయి. తేలికగా, ఓపికగా రుద్దాలి.

తర్వాత అల్ట్రాసోనిక్ స్నానం: ఎసిటోన్‌లో 10 నిమిషాలు, ఇథనాల్‌లో 10, డిస్టిల్డ్ వాటర్‌లో 10. ఇక్కడి నుంచి వేళ్లతో ముట్టకూడదు, ప్లాస్టిక్ చిమటాతోనే పట్టాలి. వేలిముద్ర మీద లేజర్ పడితే ఆ నూనె కాలి కార్బన్‌గా కరిగిన లోహంలో కలుస్తుంది. మైక్రోస్కోపులో అది వేలిముద్ర ఆకారంలోనే కనిపిస్తుంది.

మీ లేజర్ చుక్క ఎంత పెద్దదో కొలవండి

అందరూ దాటవేసే మెట్టు ఇదే. దీని మీద ఒక రోజు పెట్టండి, తర్వాత నెలలు మిగులుతాయి.

లోహం మీద కిరణం పడే చుక్క వ్యాసం లెక్క ప్రకారం కావాలంటే తరంగదైర్ఘ్యాన్ని లెన్సు ఫోకస్ దూరంతో, కిరణ నాణ్యత సంఖ్యతో, 1.27తో గుణించి, లెన్సు మీద పడే కిరణం వ్యాసంతో భాగించండి. నాణ్యత సంఖ్య 1.5, కిరణం 7 మిల్లీమీటర్లు అయితే మన మెషీన్‌కు సుమారు 46 మైక్రాన్లు వస్తుంది. కాబట్టి చిగుళ్ల కణజాలాన్ని వరుసలో నిలిపే 8, 12 మైక్రాన్ల సన్నటి చాళ్ల గురించి చదివి ఈ మెషీన్‌తో వాటిని గీయాలని కూర్చోకండి. కలం పాళీ కంటే మరీ సన్నటి గీత రాదు. వాటికి అతినీలలోహిత లేజర్ లాంటి వేరే సరంజామా కావాలి. మనకు ఇక్కడ సాధ్యమయ్యేది 30 నుంచి 50 మైక్రాన్ల చాళ్లు, వాటి గోడల మీద కరిగి గడ్డకట్టిన సన్నటి గరుకుదనం. ఎముక వైపు భాగానికి ఇది పనికొచ్చే కొలతే.

లెక్క కాగితం మీది మాట. అసలు కొలత ఇలా తీయండి. ముందు ఫోకస్: బల్లను 0.2 మిల్లీమీటర్ల చొప్పున ఎత్తుతూ ఒక్కో ఎత్తులో ఒక్కో గీత గీయండి. అన్నిటికంటే సన్నటి గీత ఫోకస్ దగ్గరిది. చప్పుడు కూడా చెబుతుంది, ఫోకస్‌లో ఉన్నప్పుడు చిటపట పదునెక్కుతుంది. తర్వాత పల్సులు, అంటే లేజర్ కొట్టే ఒక్కో దెబ్బ, ఒకదాని మీద ఒకటి పడకుండా విడదీయండి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర వేగం సెకనుకు 2000 మిల్లీమీటర్లు పెడితే ప్రతి 100 మైక్రాన్లకు ఒక గుంట పడుతుంది. ఐదారు వేర్వేరు పల్స్ శక్తులతో ఇలా గుంటల వరుసలు తీసి, ప్రతి వరుసలో పది గుంటల వ్యాసం కొలవండి. వ్యాసం వర్గాన్ని నిలువుగా, పల్స్ శక్తి సహజ సంవర్గమానాన్ని అడ్డంగా వేస్తే సరళరేఖ వస్తుంది. 1982లో లియూ ప్రచురించిన పద్ధతి ఇది, ఇప్పటికీ దీనికి మించిన తేలిక దారి నాకు కనపడలేదు. రేఖ వాలులో సగానికి వర్గమూలం తీస్తే చుక్క వ్యాసార్ధం. వాలు 1000 చదరపు మైక్రాన్లు వస్తే వ్యాసార్ధం 22.4, వ్యాసం దాదాపు 45. రేఖ అడ్డగీతను తాకినచోటు లోహం చెక్కుకుపోవడం మొదలయ్యే శక్తి.

సాఫ్ట్‌వేర్‌లో పవర్ 50 శాతం అని పెడితే 10 వాట్లు వస్తుందని నమ్మకండి. పవర్ మీటరును లెన్సు కింద పెట్టి, ఫోకస్‌కు బాగా దూరంగా ఉంచి, ప్రతి శాతానికి అసలు వాట్లెంతో పట్టిక రాసుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి.

అంకెలు ఎంచుకోవడం

సగటు పవర్‌ను పల్స్ రేటుతో భాగిస్తే ఒక్కో పల్సులో ఉండే శక్తి వస్తుంది. 10 వాట్లు, 20 కిలోహెర్ట్జ్ అయితే 0.5 మిల్లీజౌల్. దాన్ని 46 మైక్రాన్ల చుక్క వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 30 జౌళ్లు. వేగం సెకనుకు 400 మిల్లీమీటర్లు పెడితే పల్సుకు పల్సుకు దూరం 20 మైక్రాన్లు. 46 మైక్రాన్ల చుక్కలు 20 మైక్రాన్ల దూరంలో పడుతున్నాయంటే ఒకదాని మీద ఒకటి 56 శాతం కప్పుకుంటున్నాయి. గీసే చాలు తెగకుండా రావాలంటే ఇలా సగానికి పైగా కప్పుకోవాలి. ఎనభై, తొంభై శాతం దాటితే చాలు లోతవుతుంది నిజమే, వేడి కూడా మేటవేస్తుంది.

నా సలహా ఏమిటంటే, ఒకే సెట్టింగుతో లోతు రాబట్టాలని చూడకండి. తక్కువ శక్తితో నాలుగైదు సార్లు నడపండి, ప్రతి నడకకూ మధ్య బిళ్ల చల్లారనివ్వండి. టైటానియం 1668 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, కానీ అంతకు చాలా ముందే ఆక్సిజన్‌ను తాగడం మొదలుపెడుతుంది. తాగినకొద్దీ పెళుసవుతుంది.

మొదటి బిళ్ల మీద నాలుగు పవర్లు, నాలుగు వేగాలు తీసుకుని 3 మిల్లీమీటర్ల చదరాలు పదహారు గీయండి. చాళ్ల మధ్య దూరం అన్నిటికీ 60 మైక్రాన్లు ఉంచండి. చదరాలు వరుసగా కాకుండా అక్కడొకటి ఇక్కడొకటి గీయండి. వరుసగా గీస్తే చివరి చదరం నాటికి బిళ్ల వేడెక్కి ఉంటుంది, మీరు పవర్ ప్రభావం అనుకునేది వేడి ప్రభావం అవుతుంది.

ఆర్గాన్

గాలిలో గీస్తే ఆక్సిజన్, నైట్రోజన్ రెండూ కరిగిన లోహంలోకి వెళ్తాయి. కావాలని ఆక్సైడ్ పెంచే ప్రయోగాలు ఉన్నాయి, అది వేరే దారి. మామూలుగా ఆర్గాన్ అనే జడవాయువు కిందే పని చేయండి. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు, పక్క నుంచి, నెమ్మదిగా. ఊదరగొడితే ఆర్గాన్ తనతో పాటు చుట్టూ ఉన్న గాలిని లాక్కొస్తుంది. ఎక్కువ పెడితే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు. అద్దం మూతున్న చిన్న పెట్టె చేయించుకుంటే ఇంకా మేలు. పూత లేని అద్దం రెండు ముఖాల మీద కలిపి 8 శాతం దాకా కాంతి వెనక్కి పోతుందని మాత్రం లెక్కలో వేసుకోండి.

ఆర్గాన్ సరిపోయిందో లేదో రంగు చెప్పేస్తుంది. వెండిలా మాట్‌గా ఉంటే బాగున్నట్టే. గడ్డి పసుపు, ఊదా, నీలం ఈ వరుసలో కనిపిస్తే ఆక్సైడ్ మందమవుతూ పోయిందని అర్థం. అది పూసిన రంగు కాదు, నీటి మీద కిరసనాయిలు పొరలో రంగులు కనిపించినట్టు పొర మందాన్ని బట్టి కాంతి ఆడే ఆట. ఒకసారి మా బిళ్లల అంచులు నీలంగా వచ్చాయి. మధ్యలో బాగానే ఉంది కదా అని వదిలేశాను. అల్ట్రాసోనిక్‌లో పెట్టిన మూడో నిమిషానికి బీకరు నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. అంచుల్లోంచి పెచ్చులు రాలుతున్నాయి. అదే ఎముకలో రాలి ఉంటే? అప్పటి నుంచి అంచు రంగు మారిన బిళ్లను కొలతలకు పంపలేదు.

గీసిన తర్వాత

చాళ్ల అంచుల మీద కరిగి చిమ్మిన బొట్లు అతుక్కుని ఉంటాయి. కొన్ని గట్టిగా, కొన్ని పేరుకు మాత్రం. మళ్లీ ఎసిటోన్, ఇథనాల్, డిస్టిల్డ్ వాటర్ స్నానాలు చేయించండి. ఆరాక ఒక మూల కార్బన్ టేపు అంటించి లాగి, ఆ టేపును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడండి. బిళ్లను చూడటం కాదు, టేపును చూడటం ముఖ్యం. దాని మీద గోళీల్లా బొట్లు కనిపిస్తే కడగడం సరిపోలేదు, లేదా పవర్ ఎక్కువైంది. చివరగా 20 నుంచి 45 శాతం నైట్రిక్ ఆమ్లంలో గది ఉష్ణోగ్రత దగ్గర అరగంట ఉంచి పాసివేషన్ (రక్షణ ఆక్సైడ్ పొరను శుభ్రంగా కట్టించడం) చేసి, బాగా కడగండి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన నీటి చుక్క. గాలిలో తిరిగే కర్బన పదార్థాలు తాజా ఆక్సైడ్ మీదికి చేరడానికి గంటలు చాలు, అవి చేరినకొద్దీ నీటిని ఇష్టపడే ఉపరితలం నీటిని నెట్టేదిగా మారుతుంది. ఒక వారాంతం నేను ఇరవై బిళ్లలను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ఇంటికి వెళ్లాను. సోమవారం కొలిస్తే శుక్రవారం అంకెలకు పొంతనే లేదు. ప్లాస్టిక్ కూడా వాయువులు వదులుతుందని ఆ రోజు తెలిసింది. కాబట్టి గాజు సీసాలోనో, కాల్చి శుభ్రం చేసిన అల్యూమినియం రేకులోనో పెట్టి, గాలి, తేమ తీసేసే వాక్యూమ్ డెసికేటర్లో ఉంచండి. సీసా మీద తేదీతో పాటు గంట కూడా రాయండి. నీటి చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం కొలిచిన ప్రతిసారీ లేజర్ తర్వాత ఎన్ని గంటలకు కొలిచారో, చాళ్ల వెంట చూశారో అడ్డంగా చూశారో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

లోపల ఏం జరిగిందో కోసి చూడాలి

గరుకుదనాన్ని ఐఎస్‌ఓ 25178 ప్రకారం వైశాల్యం మీద కొలవండి, ఒక్క గీత మీద కాదు. ఎముక బాగా పట్టే మధ్యస్థ గరుకుదనం 1 నుంచి 2 మైక్రాన్లని దంత ఇంప్లాంట్ల రంగంలో స్థిరపడిన మాట. మీ చాళ్లు పది మైక్రాన్ల లోతున్నవైతే మొత్తం అంకె దాన్ని మించిపోతుంది. అందుకే చాలు ఆకారాన్ని ఫిల్టరు చేసి, దాని గోడ గరుకుదనాన్ని విడిగా కూడా చెప్పండి.

ప్రతి సెట్టింగు నుంచి ఒక బిళ్లను బలి ఇవ్వాలి. చాళ్లకు అడ్డంగా కోసి, మౌంట్ చేసి, పాలిష్ చేసి, లోపలి నిర్మాణం కనిపించేలా క్రోల్ అనే ఆమ్ల ద్రావణంతో ఎచ్ చేయండి. ఆ ద్రావణంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చర్మం మీద పడితే మొదట మంట కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. కాల్షియం గ్లూకొనేట్ జెల్ పక్కన లేకుండా సీసా మూత తీయొద్దు, ఒంటరిగా అసలు చేయొద్దు.

కోతలో మూడు చూడాలి: కరిగి గడ్డకట్టిన పొర ఎంత మందం, దాని కింద సూదుల్లాంటి నిర్మాణం ఎంత లోతుకు వెళ్లింది, చాలు అడుగున పగులు ఉందా. మూడోదే ప్రాణం. చాలు అడుగు పదునైన వి ఆకారంలో ఉంటే ఒత్తిడంతా ఆ మొనలో కూడుతుంది. చల్లారేటప్పుడు పైపొర ముడుచుకుని లాగుడు ఒత్తిడి ఎలాగూ మిగులుస్తుంది. ఆ రెండూ కలిస్తే మనిషి నమిలే ప్రతి నమలుకూ పగులు కొంచెం కొంచెం సాగుతుంది. అడుగు గుండ్రంగా, యు ఆకారంలో వచ్చే సెట్టింగునే ఎంచుకోండి, లోతు కొంచెం తగ్గినా సరే. వీలున్నచోట చాళ్లను భారం పడే దిశలోనే గీయండి, అడ్డంగా గీయకండి.

ఐఎస్‌ఓ 14801 పరీక్షలో దంత ఇంప్లాంట్‌ను 30 డిగ్రీలు వాల్చి, ఎముక 3 మిల్లీమీటర్లు అరిగినట్టుగా ఆ మేర బయటికి ఉంచి, 50 లక్షల సార్లు భారం వేస్తారు. ఉప్పునీటిలో నెమ్మదిగా చేస్తే 20 లక్షల సార్లు. అదే లేజర్ పడని ఇంప్లాంట్లను పక్కన పెట్టి పోల్చకుండా మీ ఉపరితలం మంచిదని ఎవరికీ చెప్పకండి. కణాలు బాగా పెరిగాయన్న ఫొటో ఎంత బాగున్నా విరిగిన ఇంప్లాంట్‌ను అది నిలబెట్టదు.

బిళ్ల నుంచి స్క్రూకు

స్క్రూ గుండ్రం కాబట్టి తిరిగే యాక్సిస్ కావాలి. 4 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నదాని మీద ఒకసారికి 1 మిల్లీమీటరు వెడల్పు పట్టీ మాత్రమే గీసి, తిప్పి, మళ్లీ గీయండి. ఆ పట్టీ అంచు దగ్గర ఎత్తు తేడా 0.06 మిల్లీమీటర్లే, మన ఫోకస్ లోతు దాదాపు 1 మిల్లీమీటరు కనుక ఇబ్బంది లేదు. ఇబ్బంది మర దారాల వాలు మీద వస్తుంది. కిరణం ఏటవాలుగా పడి చుక్క సాగుతుంది, శక్తి పలచబడుతుంది. బిళ్ల మీద తేలిన సెట్టింగును దారాల వాలు మీద విడిగా కోసి చూసుకోవాలి. మెడ భాగాన్ని వదిలేయండి, ఎక్కువగా విరిగేది అక్కడే.

మన దేశంలో 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నియమాల ప్రకారం ఎముకలో దీర్ఘకాలం ఉండేవి ఎక్కువగా, ప్రమాద స్థాయిని బట్టి చేసిన వర్గాల్లో సి వర్గంలోకి వస్తాయి. ఉపరితలం మార్చారంటే పాత అనుమతి దానంతటదే వర్తించదు. ఐఎస్‌ఓ 10993 కింద కణ విషతుల్యత పరీక్షకు పంపే ముక్కలు తుది శుభ్రతా, స్టెరిలైజేషనూ అయినవే కావాలి, మధ్యలో ఆపినవి కాదు. పంపేముందు ప్రతి బ్యాచ్ నుంచి రెండు ముక్కలు గాజు సీసాలో సీలు వేసి, పవర్ మీటరు పట్టిక కాపీతో పాటు మీ దగ్గర దాచుకోండి. ల్యాబ్ నుంచి ప్రశ్న వచ్చేది నాలుగు నెలల తర్వాత, అప్పటికి మెషీన్ లెన్సు కూడా మారిపోయి ఉండొచ్చు.